ఉప్పునీళ్ల ఇంట్లో ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్: ఏడేళ్ల వాడకం

మేము ఫ్రంట్ లోడ్ మెషిన్ కొన్నది 2018 జూన్‌లో. హైదరాబాద్‌లో మియాపూర్ వైపు ఒక నాలుగంతస్తుల అపార్ట్‌మెంటులో, పై అంతస్తులో ఉంటున్నాం. ఇంట్లో అయిదుగురం, వాడేది బోరు నీళ్లు, వేసవిలో బోరు వట్టిపోతే ట్యాంకరు నీళ్లు. అంతకుముందు పదేళ్లు వాడిన టాప్ లోడ్ మెషిన్ మోటారు కాలిపోవడంతో, 7 కిలోల సామర్థ్యం, నిమిషానికి 1,200 చుట్ల స్పిన్ ఉన్న ఫ్రంట్ లోడ్‌ను 31,500 రూపాయలకు తీసుకున్నాం. వారానికి సుమారు ఆరుసార్ల చొప్పున ఏడేళ్లపాటు అది మా ఇంటి బట్టలు ఉతికింది. అది ఏ కంపెనీదో ఇక్కడ రాయడం లేదు. నేను చెప్పబోయే మంచిచెడ్డల్లో ఎక్కువ భాగం ఈ రకం యంత్రాలన్నిటికీ వర్తిస్తాయి, మిగిలిన భాగానికి మా ఇంటి నీళ్లే బాధ్యత వహించాలి.

మొదటి రోజు మా అత్తగారు అద్దం తలుపు ముందు పీట వేసుకుని కూర్చుని చాలాసేపు చూసి, "నీళ్లే కనపడటం లేదు, నిజంగా ఉతుకుతోందంటావా అమ్మాయ్?" అని అడిగారు. ఆమె అనుమానం సహజమైనదే. టాప్ లోడ్‌లో బట్టలు నీళ్లలో మునిగి తిరుగుతాయి కాబట్టి టబ్బు నిండా నీళ్లు ఉండాలి. ఫ్రంట్ లోడ్‌లో డ్రమ్ము అడ్డంగా తిరుగుతూ బట్టలను పైకి ఎత్తి, అడుగున ఉన్న కొద్దిపాటి సబ్బునీళ్లలోకి పడేస్తుంది. చాకిరేవులో బండ మీద బట్టను ఎత్తి కొట్టే పనిని ఇక్కడ బట్ట బరువే చేస్తుంది. అందువల్ల దీనికి నీళ్లు బట్టలను తడపడానికీ, అడుగున కొంత నిలవడానికీ సరిపడా ఉంటే చాలు.

ఎంత తక్కువ పడుతుందో తెలుసుకోవాలని మావారు ఒక ఆదివారం డ్రెయిన్ పైపును నీళ్ల డ్రమ్ములో పెట్టి కొలిచారు. నిండు లోడు, 40 డిగ్రీల కాటన్ ప్రోగ్రామ్, మూడు జాడింపులు కలిపి 54 లీటర్లు వచ్చాయి. పాత టాప్ లోడ్ ఇదే మోతాదు బట్టలకు ఒక ఉతుకు, రెండు జాడింపులకు కలిపి 135 లీటర్ల దాకా తాగేది. ఒక్కో ఉతుక్కి 80 లీటర్లు మిగిలాయనుకుంటే, ఏడాదికి 312 ఉతుకుల చొప్పున ఏడేళ్లలో దాదాపు 1,75,000 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 35 మిగిలినట్టు. ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకరు కోసం ఎదురుచూసే అపార్ట్‌మెంటుల్లో ఉన్నవారికి ఈ అంకె విలువ విడమరచి చెప్పనక్కరలేదు. (ఆ రోజు కొలిచిన నీళ్లతో బాల్కనీ కడిగాం, ఆ తర్వాత మళ్లీ ఎవరికీ కొలిచే ఓపిక కలగలేదు.)

ఉతుకు నాణ్యత గురించి కూడా నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. ఈ రకం యంత్రంలో ఎక్కువ భాగం మోడళ్లకు సుమారు 2,000 వాట్ల హీటర్ లోపలే ఉంటుంది. అది చల్లటి నీళ్లను మెల్లగా వేడి చేస్తుంది కాబట్టి పాలు, గుడ్డు, రక్తం వంటి మరకల మీద సబ్బుపొడిలోని ఎంజైములు ముందుగా పనిచేస్తాయి, నూనె జిడ్డు ఆ తర్వాత వేడికి వదులుతుంది. ఒక్కసారిగా మరిగే నీళ్లు పోస్తే ఈ మరకలు బట్టలోనే గట్టిపడతాయన్నది పెద్దవాళ్లందరికీ తెలిసిన విషయమే. బనియన్లు, దుప్పట్లు, చేతి రుమాళ్లు, స్కూలు సాక్సులు 60 డిగ్రీలలో ఉతికితే వచ్చే తేడా మొదటి వారంలోనే కనిపించింది. ఆవకాయ నూనె మరకలు కూడా చాలావరకు పోయాయి. పసుపు మాత్రం పోలేదు. పసుపు మరక క్షారగుణం ఉన్న సబ్బు తగలగానే ఎర్రగా మారి మనల్ని భయపెడుతుంది, జాడించగానే మళ్లీ పసుపుపచ్చగా మిగులుతుంది. దాన్ని తీసేది ఎండే. తడిగా ఉన్న బట్టను రెండు రోజులు ఎండలో వేస్తే పోయే మరక కోసం వేడి ప్రోగ్రాములు నడపడం కరెంటు దండగ.

కరెంటు విషయంలో ఈ యంత్రం మీద ఉన్న అపోహను కొంత సరిచేయాలి. చల్లటి నీళ్లతో నడిపితే ఒక ఉతుక్కి పావు యూనిట్ కూడా కాదు. 15 లీటర్ల నీళ్లను 28 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవడానికే అర యూనిట్‌కు పైగా కావాలి. తడి బట్టలు, స్టీలు డ్రమ్ము కూడా వేడెక్కాలి కాబట్టి మొత్తం ముప్పావు యూనిట్ నుంచి ఒక యూనిట్ దాకా పోతుంది. అంటే బిల్లును నిర్ణయించేది మనం తిప్పే ఉష్ణోగ్రత మీట. మేము వారంలో ఒక్కరోజు 60, మిగిలిన రోజుల్లో 30 లేదా చల్లటి నీళ్లు పెట్టుకున్నాం. ఒక హెచ్చరిక: హీటర్ నడిచేటప్పుడు లాగే కరెంటుకు మామూలు 6 ఆంపియర్ల ప్లగ్గు సరిపోదు, ఎర్తింగ్ ఉన్న 16 ఆంపియర్ల సాకెట్టే ఉండాలి, ఇంటి ఇన్వర్టర్ మీద దీన్ని నడపాలన్న ఆలోచనే పెట్టుకోకూడదు.

స్పిన్ ఈ యంత్రంలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం. 48 సెంటీమీటర్ల వ్యాసమున్న డ్రమ్ము నిమిషానికి 1,200 చుట్లు తిరిగితే దాని అంచున ఉన్న బట్ట మీద పడే బలం భూమ్యాకర్షణకు 350 రెట్లకు పైగా ఉంటుంది. ఆ పిండుడుకు కాటన్ బట్టల్లో మిగిలే తడి, వాటి పొడి బరువులో సుమారు సగానికి దిగుతుంది. జులై, ఆగస్టు ముసురులో బాల్కనీ తీగ మీద జీన్సు ప్యాంట్లు మూడు రోజులు వేలాడి ముక్క వాసన కొట్టే రోజులు మా ఇంట్లో పోయాయి. అయితే ఆ బలమే ఇంటిని వణికిస్తుంది కూడా. 1937లో అమెరికాలో బెండిక్స్ సంస్థ తెచ్చిన తొలి ఇంటి ఫ్రంట్ లోడ్ యంత్రాన్ని నేలకు బోల్టులతో బిగించాల్సి వచ్చేది. ఇప్పటివాటిలో టబ్బుకు కాంక్రీటు దిమ్మెలు కట్టి, స్ప్రింగులు, ఊపును తగ్గించే డాంపర్ల మీద వేలాడదీస్తారు. యంత్రం అరవై డెబ్భై కిలోలు తూగడానికి ఒక పెద్ద కారణం ఆ దిమ్మెలే. బిగించేటప్పుడు నాలుగు కాళ్లనూ రసమట్టం పెట్టి సరిచేయించుకోవాలి. దారిలో టబ్బు కదలకుండా వెనక బిగించి పంపే రవాణా బోల్టులను తీసేయకుండా స్పిన్ నడిపితే మొదటి రోజే యంత్రం వంటగది దాకా నడిచి వస్తుంది. ఆ బోల్టులను పారేయకూడదు, ఇల్లు మారేటప్పుడు మళ్లీ బిగించాల్సినవి అవే.

ఇక నా అసలు సంగతికి వస్తాను. నీళ్ల కొరత ఉన్న ఇంటికే ఈ యంత్రం ఎక్కువ లాభం, అలాంటి ఇంట్లో ఉండే నీళ్లే దీనికి పడవు. మా బోరు నీళ్లను కిట్టుతో పరీక్షిస్తే కాఠిన్యం, అంటే కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాల మోతాదు, లీటరుకు 480 మిల్లీగ్రాములు వచ్చింది. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 200 దాకా కోరదగినది, వేరే ఆధారం లేనిచోట 600 దాకా అనుమతించదగినది, కాబట్టి కాగితం మీద మా నీళ్లు మంచినీళ్లే. హీటర్ దృష్టిలో మాత్రం అవి ద్రవరూపంలో ఉన్న సున్నం. ఇలా కాఠిన్యం ఉన్న ఉప్పునీళ్లను వేడి చేసినప్పుడు అందులోని బైకార్బొనేట్లు విడిపోయి, కాల్షియం కార్బొనేట్ తెల్లటి గట్టి పొరగా హీటర్ కడ్డీకి పట్టుకుంటుంది, ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ఆ పని ఇంకా వేగంగా జరుగుతుంది. అంటే ఫ్రంట్ లోడ్‌ను ఏ వేడి ఉతుకు కోసం కొంటామో, ఆ ఉతుకే దాన్ని లోపలినుంచి తినేస్తుంది. నాలుగో ఏట హీటర్ పోయినప్పుడు మెకానిక్ బయటికి లాగిన కడ్డీ, తీరప్రాంతపు ఇళ్లలో కనిపించే పాత గీజరు కడ్డీలాగా, వేలెడు మందాన పెంకు కట్టి ఉంది. హీటర్ మార్చడానికి 2,200 రూపాయలు అయ్యాయి.

ఉప్పునీళ్ల దెబ్బ హీటర్‌తో ఆగదు. తక్కువ నీళ్లతో ఉతికే యంత్రం తక్కువ నీళ్లతోనే జాడిస్తుంది. ఉప్పునీళ్లలో సబ్బు సరిగ్గా పనిచేయక, మనం ఇంకో చెంచా పొడి ఎక్కువ వేస్తాం, అది జాడింపులో పూర్తిగా పోక నల్ల ప్యాంట్ల మీద తెల్లటి చారలుగా మిగులుతుంది, తువ్వాళ్లు ఆరాక అట్టముక్కల్లా బిగుస్తాయి. మొదటి ఏడాది మేము ఈ తప్పే చేశాం. పైగా అప్పట్లో చేతి ఉతుకుల పొడినే వాడేవాళ్లం. నురగ ఎక్కువైతే బట్టలు ఎత్తునుంచి పడినా ఆ నురగ మెత్తలా అడ్డుపడుతుంది, యంత్రం దాన్ని గుర్తించి అదనపు జాడింపులు మొదలుపెడుతుంది, ఉతుకు సమయం రెండు గంటల నుంచి మూడు గంటలకు పాకుతుంది. ఫ్రంట్ లోడ్‌కు ప్రత్యేకంగా అమ్మే తక్కువ నురగ పొడి లేదా ద్రవం ఖరీదు ఎక్కువ అనిపించినా, దాన్నే కొలత ప్రకారం వాడి, ఒక జాడింపు అదనంగా పెట్టుకోవడం ఇంతకన్నా చవక.

దీనికి విరుగుడుగా బజారులో రెండు రకాల వస్తువులు దొరుకుతాయి, రెండింటినీ దుకాణాల్లో ఒకే పేరుతో అమ్ముతారు. కుళాయికి తగిలించే చిన్న గొట్టంలో తెల్లటి ఫాస్ఫేటు గోళీలు ఉండేది మొదటిది. అది నీళ్లలో కాఠిన్యాన్ని తీయదు, సున్నం గట్టిపడి అంటుకోకుండా కొంతవరకు అడ్డుకుంటుంది. రెండోది రెసిన్ ఉన్న సాఫ్ట్‌నర్. అది కాల్షియం, మెగ్నీషియంలను నిజంగానే పట్టి ఉంచుతుంది, దాన్ని వారానికో పది రోజులకో ఉప్పు కలిపిన నీళ్లతో కడిగి మళ్లీ సిద్ధం చేయాలి. మేము నాలుగేళ్లు గోళీలను నమ్ముకుని, హీటర్ పోయాక రెసిన్‌కు మారాం. మారిన నెలకే తువ్వాళ్లు మెత్తబడ్డాయి, పొడి సగానికి తగ్గింది. ముందే మారి ఉండాల్సింది. రెండు నెలలకోసారి డ్రమ్ము శుభ్రపరిచే ప్రోగ్రామ్‌ను ఖాళీగా, సున్నం పొరను కరిగించే డీస్కేలింగ్ పొడి వేసి నడపడం కూడా తప్పనిసరి. ఆ పొడిలో చాలావరకు ఉండేది వంటింటి నిమ్మ ఉప్పే కదా అని నేను కొంతకాలం అదే వేశాను. రబ్బరుకూ అల్యూమినియం భాగాలకూ పులుపు అతిగా పడదని మెకానిక్ చెప్పాక, యంత్రంతో వచ్చిన పుస్తకంలో రాసిన మోతాదుకు తిరిగి వచ్చాను.

తలుపు చుట్టూ ఉండే రబ్బరు గాస్కెట్ ఈ యంత్రానికి బలహీనత. నీళ్లు కారకుండా కాపాడే మడతలోనే తడి, వెంట్రుకలు, పీచు, సబ్బు జిగురు చేరి నల్లటి బూజు పడుతుంది, వాన కాలంలో తలుపు మూసి ఉంచితే రెండు రోజులకే తెలిసిపోయే వాసన వస్తుంది. ప్రతి ఉతుకు తర్వాత ఆ మడతను పొడిగుడ్డతో తుడిచి, తలుపునూ సబ్బు అరనూ తెరిచి ఉంచాలి. ఇది చెప్పడానికి సులువు. మా వాష్ ఏరియా వెడల్పు మూడున్నర అడుగులు, తలుపు తెరిచి ఉంటే అంట్లు తోమే మనిషి పక్కకు తిరగడానికి చోటు ఉండదు, ఆమె వెళ్లేదాకా మూసి మళ్లీ తెరవడం ఎవరో ఒకరికి గుర్తుండాలి. అయిదో ఏట గాస్కెట్ చిరిగింది. చీర కొంగుకు మరిచిపోయిన పిన్నీసు ఒకటి ఆ మడతలో ఇరుక్కుని గీసిందని తేలింది. దానికి 3,200 రూపాయలు. అంతకుముందు, రెండో ఏడాది వారంటీ ముగిసిన నెల రోజులకు, అబ్బాయి జేబులోని రూపాయి బిళ్ల డ్రెయిన్ పంపును చెడగొట్టింది, దానికి 1,900. కింద కుడివైపు చిన్న తలుపు వెనక ఉండే ఫిల్టర్‌ను నెలకోసారి విప్పి శుభ్రం చేయాలని బిగించిన రోజునే చెప్పారు, మేమే వినలేదు. ఆ ఫిల్టర్ విప్పే ముందు కింద పళ్లెం పెట్టుకోకపోతే లోపల నిలిచిన నీళ్లన్నీ గదిలోకి వస్తాయి.

పై అంతస్తులో ఉండేవారు దుకాణానికి వెళ్లేముందే ఒక సంగతి చూసుకోవాలి. చాలా ఫ్రంట్ లోడ్ యంత్రాలు కుళాయి దగ్గర కనీసం 0.3 నుంచి 0.5 బార్ ఒత్తిడి కోరతాయి. 0.3 బార్ అంటే సుమారు మూడు మీటర్ల ఎత్తు నుంచి దిగే నీళ్ల బరువు. మా ట్యాంకు అడుగుకూ మా కుళాయికీ మధ్య ఎత్తు మీటరున్నర కూడా లేదు. మొదటి వారమంతా యంత్రం నీళ్లు రావడం లేదని పేచీ పెట్టి ఆగిపోతూనే ఉంది. చివరికి 4,800 రూపాయలతో చిన్న ప్రెషర్ పంపు పెట్టించాం. రెండో అంతస్తు వారికి ఈ సమస్య రాలేదు. డ్రెయిన్ పైపును కూడా మన ఇళ్లలో అలవాటుగా బాత్‌రూము నేల మీద పడేస్తారు. దాని మెడ నేలకు సుమారు 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉండకపోతే యంత్రం నింపుకున్న నీళ్లు నింపుకున్నట్టే పైపులోకి జారిపోతాయి, అది మళ్లీ నింపుకుంటుంది, 54 లీటర్ల యంత్రం 200 లీటర్ల యంత్రమవుతుంది.

అలవాట్లు కూడా కొంత మార్చుకోవాల్సి వచ్చింది. మొదలైన అయిదు నిమిషాలకు మంచం కింద దొరికిన సాక్సును టాప్ లోడ్‌లో మూత ఎత్తి పడేయగలం. ఇక్కడ తలుపు తాళం పడుతుంది. మధ్యలో ఆపి వేసే సదుపాయం కొన్ని మోడళ్లలో ఉన్నా మాదాంట్లో లేదు. కరెంటు పోతే బట్టలు లోపలే బందీలు. వంగడం ఇంకో కష్టం. మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు పాత మెషిన్‌ను తానే నడిపేవారు, దీన్ని మాత్రం నాకు అప్పగించారు. తర్వాత అడుగు ఎత్తున ఇనుప స్టాండు చేయించాం. ఎత్తు పెరిగిందిగానీ వణుకు కూడా పెరిగింది, ఆమె మాత్రం తిరిగి దాని దగ్గరికి రాలేదు.

చీరల విషయంలో ఒక మాట. అయిదున్నర మీటర్ల చీరను విడిగా వేస్తే ఈ డ్రమ్ములో అది మోకులా మెలితిరిగి, మిగిలిన బట్టలన్నిటినీ ఒక్క ముడిలో కట్టి ఇస్తుంది. మడిచి వల సంచిలో వేస్తే ఆ బాధ ఉండదు. రోజువారీ కాటన్, సింథటిక్ చీరలు అలా నిశ్చింతగా ఉతుకుతున్నాను. మంగళగిరి చీరలను విడిగా, చల్లటి నీళ్లలో, తక్కువ స్పిన్‌తో వేస్తాను; రంగు దిగుతుందేమోనని మొదటి రెండు ఉతుకులు చేత్తోనే. కంచి పట్టును మాత్రం, మెషిన్ మీద ఏ పట్టు గుర్తు ఉన్నా సరే, అందులో వేయను. ఇంకొకటి, 7 కిలోలు అన్నది పొడి కాటన్ లెక్క. సింథటిక్ బట్టలకు అందులో సగమే వేయాలి, లేదంటే బట్టలు ఎత్తునుంచి పడటానికి డ్రమ్ములో చోటే ఉండదు.

ఏడేళ్లలో మరమ్మతులకు 7,300 రూపాయలు అయ్యాయి. మోటారుకు పదేళ్ల వారంటీ ఉందని కొనేటప్పుడు చాలా గొప్పగా చెప్పారు, ఆ మోటారు ఒక్కసారి కూడా మొరాయించలేదు. మొరాయించినవన్నీ రెండేళ్ల వారంటీ కింద ఉన్న చిన్న భాగాలే. 2025 మార్చిలో స్పిన్ సమయంలో పిండిమర తిరుగుతున్నట్టు గరగర మొదలైంది. బేరింగు అరిగిందని, డ్రమ్ము వెనక దాన్ని ఇరుసుకు పట్టి ఉంచే మూడు కాళ్ల అల్యూమినియం స్పైడర్ కూడా తినేసి ఉందని మెకానిక్ చూపించాడు. బేరింగు ధర వందల్లోనే ఉన్నా, మా మోడల్‌లో టబ్బు రెండు సగాలనూ బోల్టులతో బిగించకుండా కరిగించి అతికించారు. కాబట్టి బేరింగు మార్చాలంటే టబ్బు మొత్తం మార్చాలి, దానికి 12,500 అడిగారు. ఏడేళ్ల యంత్రం మీద అంత పెట్టడానికి మనసొప్పలేదు.

కొత్తది మళ్లీ ఫ్రంట్ లోడే తీసుకుందామా అని ఇంట్లో రెండు రోజులు చర్చ జరిగింది. అదే వారంలో ఖమ్మంలో ఉండే మా చెల్లి సలహా అడిగితే దానికి టాప్ లోడ్ తీసుకోమన్నాను; అద్దె ఇల్లు, పై అంతస్తు, నాలుగు నెలలకో ఊరు మారే ఉద్యోగం, సాఫ్ట్‌నర్‌ను కడిగే తీరిక ఎవరికీ లేదు. మా ఇంట్లో ప్రెషర్ పంపు, సాఫ్ట్‌నర్, 16 ఆంపియర్ల సాకెట్టు అన్నీ అమరి ఉన్నాయి, పైగా ఆ వేసవికి బోరు ఏప్రిల్‌లోనే వట్టిపోయింది, కాబట్టి ట్యాంకర్ల లెక్కే గెలిచింది. దుకాణంలో స్టీము గురించీ ఫోను నుంచి నడిపించడం గురించీ చెబుతున్న అబ్బాయిని ఆపి, టబ్బు బోల్టులదా అతికించినదా అని అడిగాను. ఆ ప్రశ్న తనను ఎవరూ అడగలేదని అతను ఒప్పుకుని, సర్వీసు వాళ్లకు ఫోను చేసి పావుగంటకు జవాబు తెచ్చాడు. మేము ఎంచిన మూడు మోడళ్లలో ఒక్కదానికే బోల్టుల టబ్బు ఉంది, ధర మిగిలినవాటి కన్నా 3,000 ఎక్కువ, ఫోను నుంచి నడవదు. దాన్నే బిల్లు వేయించాం.